మనిషి కోసం వంగే కారు

అక్కకి,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వూ బావగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. ఈ మాటలు లేకపోతే అది ఉత్తరమే కాదనేది అమ్మ. అందుకని రాశాను. అందులో ఎంత నిజమో చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం అందింది. నేను ఫోను చేస్తే బావగారు స్పీకరు పెట్టించి పక్కన కూర్చుంటారు కాబట్టి మన ఇద్దరికీ ఈ కాగితాలు తప్పలేదు. మా గుమ్మంలో పోస్ట్‌మ్యాన్ కనిపించినప్పుడల్లా పక్కింటావిడ కోర్టు నోటీసేమోనని తొంగి చూస్తోంది. ఇది కూడా నువ్వు పనిచేసే స్కూలు లైబ్రరీ చిరునామాకే పంపుతున్నాను, కంగారు పడకు. పుస్తకాల మధ్య కూర్చుని తీరిగ్గా చదువుకో.

మరిది చెయ్యి ఎలా ఉంది, నీతో సరిగ్గా మాట్లాడుతున్నాడా, కారు బాగయిందా, బావగారికి దాన్ని తిరిగి ఇచ్చేస్తారా అని అడిగావు. వరసగా చెబుతాను.

చెయ్యి బాగానే కుదిరిందని డాక్టరు అన్నాడు. ఆ చెయ్యి తనది కాదు కాబట్టి అనగలిగాడు. కుడిచేతి చూపుడు వేలూ మధ్య వేలూ లేవు. బొటనవేలు ఉంది గానీ వంగదు. మీ మరిది చేసేది కట్టుడు పళ్ళ పని. మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి, చిన్న కత్తితో చెక్కి, వెలుతురులో పెట్టి చూసుకుని మళ్ళీ చెక్కాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్న మనిషి ముద్ద నమల్లేడు. ఇప్పుడాయన ఎడమచేత్తో చెక్కుతున్నాడు. మొన్న ఒక పెద్దావిడ తన సెట్టు వెనక్కి పంపింది. మాట్లాడుతుంటే టైపు మిషన్ కొట్టినట్టు చప్పుడవుతోందట. ఆవిడ చెప్పిన తీరుకి నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు, సెట్టు తీసుకుని లోపలికెళ్ళాడు. పళ్ళ డాక్టర్లందరూ ఒక్కొక్కరే పని వేరేచోటికి ఇచ్చుకుంటున్నారు. పాత మొహమాటం కొద్దీ ఒకాయన మాత్రం ఇంకా పంపుతున్నాడు. ఆ మొహమాటం ఎన్నాళ్ళుంటుందో చూడాలి.

నాతో మాట్లాడుతున్నాడా అన్నావు కదా. మాట్లాడుతున్నాడు. రోజంతటికీ రెండే మాటలు: "చూసి నొక్కు." ఫ్యాను వేయబోతే చూసి నొక్కు. మిక్సీ దగ్గరికెళ్తే చూసి నొక్కు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు లిఫ్టు ముందు నిలబడి నేను వేలు ఎత్తితే, పక్కన నలుగురూ వింటుండగా, నెమ్మదిగా, చూసి నొక్కు. కోపం ఉండదు, విసుగూ ఉండదు. తిడితే నేనూ తిరిగి తిట్టేదాన్ని, ఇద్దరికీ ఆకలన్నా వేసేది. ఇంట్లో స్విచ్చు నొక్కడమే మానేశానక్కా. చీకటి పడ్డా ఆయనే వచ్చి లైటు వేసేదాకా అలా కూర్చుంటున్నాను.

ఆ రోజు కారులో బటన్ నొక్కింది నేనేనని ఆయన అనుకుంటున్నాడు కదా మరి. అలా అనుకోనివ్వమన్నది నువ్వే. ఆసుపత్రికి వచ్చిన నీ ఉత్తరం నాకు కంఠతా వచ్చు. "చెయ్యి ఎటూ పోయింది. ఇప్పుడు మీ బావ పేరు బయటికొస్తే లైసెన్సు పోతుంది, డ్రైవింగ్ స్కూలు మూతపడుతుంది, ఆ కోపమంతా నా మీద తీర్చుకుంటారు. నీ పొరపాటని ఒప్పుకుంటే మీ ఆయన నిన్ను క్షమిస్తాడు. మంచివాడు" అన్నావు. ఆయన మంచివాడనే ధైర్యంతో నువ్వు నా సంసారాన్ని వాడుకున్నావు. బావగారి కోపం ఎలాంటిదో నాకు తెలుసు, నీ వీపుకీ తెలుసు, అందుకే సరేనన్నాను.

ఇక కారు సంగతి. అసలేం జరిగిందో నువ్వు బావగారి నోట వినడమే గానీ నా నోట వినలేదు. వినాలని నువ్వూ అడగలేదు. ఇప్పుడు విను.

మీ ఇంటికొచ్చిన ప్రతిసారీ మేం బస్సు దిగి, చేతి సంచులతో, చెప్పులు దులుపుకుంటూ వచ్చేవాళ్ళం. మేం గేటు తీసే వేళకే బావగారు ఆ పడవంత కారులో దిగేవారు. దిగేవారు అంటే ఎలా? ముందు తలుపు తీసి, ఆ తర్వాత బటన్ నొక్కేవారు. కారు బుస్సుమంటూ కిందికి వంగేది, ఆయన కాలు చాచి నేల మీద పెట్టేవారు. బావగారి బొజ్జ వంగదు కాబట్టి కారే వంగాలి. మీ మరిది సంచి పట్టుకుని అలా నిలబడి చూసేవాడు. మనిషి కోసం వంగే కారు ఆయన అంతవరకూ చూడలేదు. మనుషులైనా ఆయన కోసం వంగిన పాపాన పోలేదు.

బావగారికి ఆ చూపు అర్థమైంది. "బయటివాడికి అమ్మడానికి నాకు మనసొప్పదురా. ఇంట్లోవాడివి, నీకైతే ఇస్తాను" అన్నారు, తన కుక్కపిల్లని పెంపకానికి ఇస్తున్నట్టు. అంతటితో ఊరుకోలేదు. "తలుపు తీసుంటే వంగకుండా కంపెనీవాడు ఏదో పెట్టాడు. నాకు తలుపు తీశాక నొక్కడం అలవాటు. అందుకని ఆ వైరు పీకించేశాను. కారు మన మాట వినాలి గానీ, మనం దాని మాట వినడమేంటి" అన్నారు. మేం నవ్వాం. కాఫీ కప్పులు పట్టుకొచ్చిన నువ్వు కూడా నవ్వావు.

ఆ రోజు మీ షెడ్డులో, కారు ముందు భాగం ఆగే చోట రెండు చెక్కదిమ్మలు చూశాను. పైన నొక్కుకుపోయిన గుర్తులున్నాయి. "ఇవేంటక్కా" అని అడిగితే "పాత సామాను, పారేయాలి" అన్నావు. రాత్రిపూట గాలి దిగిపోయి కారు నేలకి అంటుకోకుండా పెట్టే దిమ్మలని నాకు తర్వాత తెలిసింది. రోజూ వాటిని జరిపేదీ, పెట్టేదీ నువ్వే అయ్యుంటావు. ఆయన వంగరు కదా.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కారు కొన్న మొదట్లో మీ మరిది ఒక్క ఆకుకూర కట్ట కోసం కూడా ఆ కారేసుకుని వెళ్ళేవాడు. మా సందులోంచి దాన్ని బయటికి తీయడానికే చాలాసేపు పట్టేది. నేను వెనకాల నడుస్తూ, "కొంచెం కుడికి, ఇంకొంచెం" అని అరిచేదాన్ని. బజారుకి నడిచెళ్ళినవాళ్ళు తిరిగొస్తూ మాకు ఎదురయ్యేవాళ్ళు. అయినా సంతోషంగానే ఉండేది, అబద్ధమెందుకు. అద్దంలో జుట్టు సరిచేసుకుని, తలుపు తీసి, వంగడానికి బటన్ నొక్కి, అటూ ఇటూ చూసి దిగేవాడు. ఆయనకి బొజ్జ లేదు, కాళ్ళూ పొడుగే. దూకినా దిగొచ్చు. అయినా నొక్కేవాడు.

ఆ వారం తిరక్కుండానే ఒక పొద్దున చూస్తే కారు ముందు కాళ్ళు ముడుచుకుని కూలబడి ఉంది. ఈ కార్లు బాగుచేసే మెకానిక్ ఒకడున్నాడు. తలుపు చప్పుడవుతోందన్నా ముందు స్కాను తీయాలంటాడు కాబట్టి వీధిలో అందరూ వాణ్ణి స్కాను డాక్టరంటారు. వాడొచ్చి కంప్యూటరు తగిలించి, "దీని కింద స్ప్రింగులుండవమ్మా, రబ్బరు బుడ్డల్లో గాలి ఉంటుంది. గాలి కారితే బండి కూర్చుంటుంది" అన్నాడు. ఒక బుడ్డ మార్చాడు. రెండోది కారింది. అదీ మారిస్తే గాలి నింపే మోటారు కాలిపోయింది. మోటారు వేస్తే డాష్‌బోర్డు మీద అన్ని రంగుల లైట్లూ వెలిగి ఒక్కటీ ఆరలేదు. ఏనుగుని కొన్నవాడికి మేపేటప్పుడు గదా తెలిసేది. ఆ మెకానిక్ వచ్చిన ప్రతిసారీ ఒక మాట చెప్పేవాడు: "సార్, గాలి మీద నిలబడ్డ బండి కింద చెయ్యి పెట్టకండి. జాకీ వేసి, స్టాండు పెట్టి, అప్పుడు పెట్టండి." మీ మరిది బుద్ధిగా తలూపేవాడు.

వేళ్ళు పోయిన రోజు బావగారు ఏదో పని మీద ఈ ఊరొచ్చి మా ఇంటికొచ్చారు. ఎడమవైపు ముందు చక్రం దగ్గర మళ్ళీ గాలి కారుతోంది, మధ్యాహ్నం మెకానిక్ వస్తానన్నాడు. "వాడెందుకు? ఈ కారు నా చేతుల్లో పెరిగింది. సబ్బునీళ్ళు పట్రా, బుడగలొచ్చిన చోటే కారుతున్నట్టు" అన్నారు బావగారు. తను సీట్లో కూర్చుని కారుని పూర్తిగా పైకి లేపారు.

"జాకీ వేద్దామా అన్నయ్యా" అన్నాడు మీ మరిది.

"నేను సీట్లో ఉండగా జాకీ ఏంట్రా? నా మీద నమ్మకం లేదా?"

"అయ్యో, అదేం మాట అన్నయ్యా" అన్నాడు ఆయన. సిగ్గుపడ్డాడు కూడా. చక్రం పక్కన వెల్లకిలా పడుకుని, టైరుకీ పైన రేకుకీ మధ్య సందులో కుడిచెయ్యి పెట్టాడు. అక్కా, పరాయివాడు అదే మాటంటే ఆయన జాకీ తెచ్చుకునేవాడు. తోడల్లుడి మనసు నొచ్చుకుంటుందని చెయ్యి పెట్టాడు.

సబ్బునీళ్ళు అయిపోతే నేను మగ్గు తీసుకుని కుళాయి దగ్గరికెళ్ళాను. కుళాయి కారుకి కుడివైపు, గేటు పక్కన. అక్కడి నుంచి బావగారు నాకు బాగా కనిపిస్తున్నారు. ఆయన ఫోను మోగింది. ఎవరో పరీక్ష తప్పిన శిష్యుడు కాబోలు, "వినబడట్లేదు, ఉండు" అంటూ తలుపు తీశారు. తీసి, ఎప్పట్లాగే బొటనవేలితో బటన్ నొక్కి, కాలు చాచారు. కారు ఎప్పట్లాగే ఆయన కోసం వంగింది.

మీ మరిది కేక పెట్టలేదు. "అన్నయ్యా, ఆగండి" అన్నాడు, అంత మర్యాదగానూ. బావగారు ఒక కాలు నేల మీదా, ఫోను చెవి దగ్గరా పెట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను మగ్గు పారేసి పరిగెత్తి, ఆయన్ని పక్కకి తోసి, సీట్లోకెక్కి, పైకి లేపే బటన్ నొక్కాను. గాలి కారే కారు కదా, తాపీగా లేచింది. అది లేచేంతసేపూ మీ మరిది ఒక్కో వేలి పేరూ చెబుతున్నట్టు ఏదో గొణుగుతూనే ఉన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చేసరికి సీట్లో ఉన్నది నేను, బటన్ మీద ఉన్నది నా వేలు. బావగారు ఫోను జేబులో పెట్టుకుని వాళ్ళందరూ వినేలా, "అయ్యయ్యో, నేను ఫోను కోసం దిగితే నువ్వెక్కి నొక్కావా అమ్మా" అన్నారు. అంత తొందరగా ఆలోచించడం ఎవరికొస్తుంది చెప్పు. ఊరికే అయ్యారా ఇంతమందికి గురువు?

దీన్నంతా మింగేసి ఉండేదాన్నే. కానీ నువ్వు నీ ఉత్తరంలో, నన్ను ఓదార్చడానికే అనుకుంటాను, ఒక ముక్క రాశావు. బావగారు ఇప్పుడు కొత్త బ్యాచ్‌కి మొదటి క్లాసులో మన సంగతే చెబుతున్నారట. తెలియకుండా బటన్ నొక్కి మొగుడి వేళ్ళు తీసేసిన ఒక బంధువు కథ. క్లాసంతా గుడ్లప్పగించి వింటారట, ఆడవాళ్ళయితే అడక్కుండా దేన్నీ ముట్టుకోమని చేతులు కట్టుకుని కూర్చుంటారట. "నీ పేరు మాత్రం చెప్పరు, బెంగపడకు" అన్నావు. ఆ కిందే, పాడైన కారు మీకెందుకు, మీ బావకి తిరిగి ఇచ్చేయండి, డ్రైవింగ్ స్కూలు ముందు పెడితే పాఠం చెప్పేటప్పుడు చూపించడానికి ఉంటుందన్నావు.

అది చదివి నేను ఏడవలేదు. ఉత్తరం తీసుకెళ్ళి ఆయన పని బల్ల మీద, మైనం పళ్ళ పక్కన పెట్టాను. అక్కా, నీకిచ్చిన మాట తప్పాను. ఆసుపత్రి ఉత్తరం కూడా తెచ్చి దాని మీద పెట్టాను. కుళాయి దగ్గర నుంచి నాకేం కనిపించిందో మొదలు నుంచి చివరిదాకా చెప్పాను.

ఆయన రెండూ చదివాడు. ఎడమచేత్తో కత్తి పక్కన పెట్టి, "తలుపు చప్పుడు ముందు వినబడింది. ఆ వెంటనే కారు వంగింది" అన్నాడు.

"అంటే?"

"ఆయన దిగి నువ్వెక్కేంత వ్యవధి లేదు. తలుపు తీశాక నొక్కేది, నేను కాక, ఆయనొక్కడే."

"మీకు తెలుసా?"

"అనుమానం. నువ్వు చెబుతావేమోనని చూశాను."

ఇన్నాళ్ళూ ఇంట్లో ప్రతి స్విచ్చు దగ్గరా ఆయన నన్ను పొడిచింది నా నోరు తెరిపించడానికట. అంతమంచి మనిషి అంత ఓపిగ్గా పొడవగలడని నేనెప్పుడూ అనుకోలేదు. నేనూ తక్కువ తినలేదులే. మొగుడి వేళ్ళు పోతే అక్క కాపురానికి కాపలా కాసినదాన్ని. ఆ సాయంత్రం ఒకరినొకరం చూసుకోవడానికి ఇద్దరికీ మొహం చెల్లలేదు. ఆయన మీద నాకు జాలి పోయింది. ఆయనకీ నా మీద పోయినట్టే ఉంది. కానీ మాట్లాడుకుంటున్నాం, అంతవరకూ నయం.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్నకి వద్దాం. ఇచ్చేస్తున్నాం. బావగారు అడిగినట్టే. మీ మరిది మెకానిక్‌ని పిలిచి కారంతా బాగుచేయించాడు. లైట్లు ఆరాయి, మోటారు కొత్తది, బుడ్డలు కొత్తవి, ఎడమవైపు ముందుది తప్ప. "అదొక్కటీ ఉండనీ" అన్నాడు. పీకేసిన వైరు మళ్ళీ కలపనా సార్ అని మెకానిక్ అడిగితే, అదీ వద్దన్నాడు. స్కాను డాక్టరు నా వైపు చూశాడు. నేను లోపలికెళ్ళిపోయాను.

ఇవాళ పొద్దున బయల్దేరాడు. ఒంటిచేత్తో నడపొచ్చు, గేర్లు మార్చే పని లేదు కదా. దారిలో ఎక్కడో ఆగి, రేపు కొత్త బ్యాచ్ మొదటి క్లాసు వేళకి బావగారి డ్రైవింగ్ స్కూలు ముందుకి చేరేట్టు వెళుతున్నాడు. క్లాసు ఎప్పుడో నీ ఉత్తరంలోనే ఉంది. సీసాలో సబ్బునీళ్ళు పోసి నేనే ఇచ్చాను.

"వెళ్ళి ఏం చేస్తారు" అని అడిగాను.

"ఇంకా గాలి కారుతోంది అన్నయ్యా, ఎక్కడో అంతు చిక్కట్లేదు, మీ చేతుల్లో పెరిగిన కారు కదా, మీరొకసారి చెయ్యి పెట్టి చూడండి అంటాను. నేను సీట్లో కూర్చుంటాను."

"ఆయన పెట్టరు."

"ఎందుకు పెట్టడు? నొక్కింది నువ్వని అందరికీ చెబుతున్నాడు. నువ్వు ఇక్కడున్నావు. మరి నన్ను చూసి ఆయనకి భయమెందుకు? జాకీ కావాలంటే, నా మీద నమ్మకం లేదా అన్నయ్యా అని అడుగుతాను. శిష్యులందరూ చూస్తుంటారు. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో వాళ్ళకే అర్థమవుతుంది."

"పెడితే?"

ఆయన ఎడమచేత్తో తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. నేను రెండోసారి అడగలేదు.

కారు సందు మలుపు తిరిగాక లోపలికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోను బల్ల మీదే ఉంది. ఒక్క మాట చెబితే బావగారు రేపు స్కూలుకి తాళం వేసుకుంటారు. చేయను. మామూలు పోస్టులోనే వేస్తాను, నీకు అందేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటికి బావగారు చెయ్యి పెట్టారో లేదో నీకు తెలిసే ఉంటుంది. నన్ను తిట్టుకో, నాకు ఉత్తరాలు రాయడం మానెయ్యి, నీ ఇష్టం. భయమేస్తోందా అని నువ్వు అడగొచ్చు. లేదు. బావగారు వెనక్కి తగ్గి, పదిమందిలో పరువు పోగొట్టుకుని, వేళ్ళతో మిగిలితే చాలనుకునేంత మంచిదాన్ని కాలేకపోతున్నానక్కా. ఆయన చెయ్యి పెట్టాలనే కోరుకుంటున్నాను.

ఇట్లు,
నువ్వు చెప్పినట్టల్లా విన్న
నీ చెల్లెలు